తెనాలి, బాపట్ల, రేపల్లె: మూడేసి అక్షరాలు

2009లో బాపట్లలో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్నప్పుడు నేను చేసిన ప్రాజెక్టు చాలా చిన్నది. రైల్లో వచ్చిపోయే విద్యార్థుల సీజన్ పాసుల వివరాలు దాచే డెస్క్‌టాప్ ప్రోగ్రాం. పేరు రాయడానికి ఒక గడి, ఊరు ఎంచుకోవడానికి ఒక జాబితా, కింద ‘సేవ్’ అని ఒక బటన్. జాబితాలో ఊళ్లు మూడే: తెనాలి, బాపట్ల, రేపల్లె. మాది తెనాలి. అమ్మమ్మగారి ఊరు రేపల్లె. కాలేజీ బాపట్లలో. నాకు తెలిసిన లోకం మొత్తం ఆ మూడు పేర్లలో సరిపోయేది.

ఆ పేర్లు తెలుగులోనే కనబడాలని నా పంతం. ఎక్కడో దొరికిన ఒక తెలుగు ఫాంటు పెట్టి ప్రోగ్రాం నడిపాను. తెనాలి బాగానే వచ్చింది. బాపట్లకి కింద ఉన్న ల వత్తు తెగిపోయి ‘బాపట’ అయింది. రేపల్లెకీ అంతే, ‘రేపలె’. చూడటానికొచ్చిన మాస్టారు నవ్వి, “ఎందుకొచ్చిన గొడవ బాబూ, ఇంగ్లీషులో పెట్టెయ్” అన్నారు. పెట్టేశాను. మార్కులు బాగానే వచ్చాయి.

ఆ తర్వాత పదిహేనేళ్లుగా చేస్తున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. ఆ తెగిన వత్తు మాత్రం మనసులోంచి పోలేదు. అది నా ఒక్కడి తప్పా, తెలుగు తప్పా, కంప్యూటరు తప్పా అని వెతుక్కుంటూ పోతే చాలా దూరం వెళ్లాల్సి వచ్చింది. ఈ వ్యాసం ఆ దూరం గురించి.

*

డెస్క్‌టాప్ మీద కిటికీలు, మెనూలు, మౌసు అనే ఏర్పాటు 1973లో జిరాక్స్ వాళ్ల ఆల్టో యంత్రంతో మొదలైంది. 1981లో జిరాక్స్ స్టార్, 1984లో మాకింటోష్, 1985లో విండోస్ మొదటి కూర్పు వచ్చాయి. బటన్ ఎంత ఎత్తుండాలి, మెనూలో వరసల మధ్య ఎంత జాగా వదలాలి అన్న కొలతలన్నీ ముందు ఇంగ్లీషు అక్షరాలకి కుట్టిన చొక్కాలే.

ప్రతి ఫాంటూ కంప్యూటరుకి రెండు కొలతలు చెబుతుంది: గీతకి పైన నేను ఇంత లేస్తాను, గీతకి కింద ఇంత దిగుతాను అని. కిటికీ ఆ మాట నమ్మి, అంత ఎత్తున్న పెట్టె కట్టి, పెట్టె బయటికి వచ్చిన దాన్ని కత్తిరించేస్తుంది. ఇంగ్లీషులో కిందికి దిగేవి జి, వై లాంటి నాలుగైదు అక్షరాలు, అవీ కొంచెమే. తెలుగులో వత్తంటే కింద ఇంకో అక్షరం. ఆ లోతుని నిజాయితీగా చెబితే వరసలు మరీ ఎడమెడంగా వచ్చి పుస్తకం పేజీలు పెరుగుతాయి. అందుకని అచ్చుకోసం చేసిన పాత తెలుగు ఫాంట్లు చాలావరకు తక్కువ లోతు చెప్పి, వత్తుని మాత్రం గీత దాటించి గీసేవి. కాగితం మీద దాంతో ఇబ్బంది లేదు, కింద ఖాళీ ఉంటుంది కాబట్టి. బటన్‌లో ఖాళీ ఉండదు. నా బాపట్ల అక్కడే తెగింది.

దీనికి మందు రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. గడి ఎత్తుని చేత్తో అంకె వేసి బిగించకూడదు. ఆ మాట ఆ ఫాంట్లో నిజంగా ఎంత జాగా పడుతుందో కొలిపించి, దాన్నిబట్టి గడిని పెరగనివ్వాలి. ఇవాళ్టి పరికరాలన్నింట్లో ఆ కొలత అడిగే సదుపాయం ఉంది. అడగాలని తెలియకపోవడమే 2009లో నా సమస్య. తెలుగు పేర్లు పెట్టిన ఏ ప్రోగ్రాంలోనైనా ఇప్పటికీ మొదట చూడాల్సింది ఇదే: తెనాలితో సరిచూసి సంతోషపడొద్దు, బాపట్లతో సరిచూడండి.

*

కానీ అసలు చిక్కు పెట్టెలో లేదు, పెట్టెలో పెట్టిన దాంట్లో ఉంది. అది తెలుసుకోవాలంటే తెనాలి అచ్చాఫీసుల్లోకి వెళ్లాలి.

తెనాలికి అచ్చుతో సంబంధం పాతదే. ‘చందమామ’ చక్రపాణి ఈ ఊరివాడే, కొడవటిగంటి కుటుంబరావు పుట్టింది ఇక్కడే. సీసపు అచ్చుల రోజుల్లో కంపోజిటర్ ముందు గళ్లగళ్ల కేసు ఉండేది. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు, అన్నీ చేతికందే ముక్కలు. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెడితే ఏ అక్షరం అవుతుందో ఆ వేళ్లకి తెలుసు. తొంభైల్లో ఆ కేసులు మూలకెళ్లి వాటి చోట కంప్యూటర్లొచ్చాయి. పెళ్లి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, కవితా సంపుటాలు, అన్నీ డీటీపీలో, పేజ్‌మేకర్‌లో.

అప్పటి ఫాంట్లో ఉన్నవి 256 గదులు. అందులో మొదటి 32 నియంత్రణ సంకేతాలవి, వాడుకోవడానికి లేదు. తెలుగు హల్లులు 36 అనుకుని, ఒక్కోదానికి పన్నెండు గుణింతాలే లెక్కేసినా 432. వత్తులు ఇంకా వేరే. పట్టవు. అందుకని ఫాంట్లు చేసినవాళ్లు సీసపు కేసునే తెచ్చి కంప్యూటర్లో పెట్టారు. అక్షరాన్ని ముక్కలు కోశారు. తలకట్టుకో గది, వత్తుకో గది. ఇంగ్లీషు ‘ఎ’ ఉండాల్సిన గదిలో ఒక తెలుగు ముక్క, ‘బి’ గదిలో ఇంకొకటి. కంప్యూటరు తను ఇంగ్లీషే దాస్తున్నాననుకుంటుంది. ఫాంటు అనే ముసుగు వేస్తే మనకి తెలుగు కనబడుతుంది. అనూ, శ్రీలిపి లాంటి ఫాంట్లన్నీ తెలుగు అచ్చుని ఇలాగే నడిపించాయి. ఏ కంపెనీ ఫాంటులో ఏ ముక్క ఏ గదిలో ఉంటుందనేది మాత్రం ఎవరి లెక్క వాళ్లదే.

ప్రభుత్వం వైపు నుంచి ఒక ప్రమాణం రాకపోలేదు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీడాక్ చేతికొచ్చిన జిస్ట్ పని, దాని వెంట 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఖరారు చేసిన ‘ఇస్కీ’ అక్షరాన్ని ముక్కలుగా కాక ధ్వనిగా దాచమన్నాయి. డాస్ రోజుల్లో జిస్ట్ కార్డు బిగిస్తే అక్షరాల తెర మీద భారతీయ భాషలు కనబడేవి. విండోస్ వచ్చాక తెర అంతా బొమ్మే అయిపోయింది. బొమ్మకి ఫాంటు చాలు. అచ్చాఫీసు వాళ్లకి కావలసింది రేపు పొద్దుటికల్లా కాగితం. ఫాంటే గెలిచింది.

ఈ ముక్కల పద్ధతి గురించి ఆలోచించినప్పుడల్లా నాకు తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో మధ్యలో వచ్చే భట్టిప్రోలు గుర్తొస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపంలో తవ్వితే ధాతు కరండాలు దొరికాయి, వాటిమీద శాసనాలు. రెండువేల ఏళ్లకు పైబడిన ఆ బ్రాహ్మీ లిపికి ఒక ప్రత్యేకత ఉంది. మిగతా బ్రాహ్మీలో ఉత్త ‘క’ రాస్తే అందులో అకారం కలిసే ఉంటుంది. భట్టిప్రోలులో అలా కాదు. హల్లు ఉత్త హల్లే, అకారం కావాలంటే దానికో గుర్తు విడిగా పెట్టాలి. తలకట్టుకి వేరే గది ఇచ్చిన డీటీపీ ఫాంటుకీ, అకారానికి వేరే గీత గీసిన ఆ లేఖకుడికీ మధ్య ఏ సంబంధమూ లేదు. కానీ అక్షరం అంటే ఒకటా, కొన్ని ముక్కల కూర్పా అనే ప్రశ్న ఈ రైలుదారి పక్కన ఇంత పాతదన్నమాట అని ఆశ్చర్యమేస్తుంది.

*

జిరాక్స్‌లో పనిచేసిన జో బెకర్ 1984లో ‘సైంటిఫిక్ అమెరికన్’లో ఒక వ్యాసం రాశాడు. అక్షరాన్ని దాచుకోవడం, టైపు చేయడం, తెర మీద గీయడం మూడూ మూడు వేరువేరు పనులనీ, కలగలిపితే ప్రపంచ భాషలన్నీ ఒక యంత్రంలో ఇమడవనీ దాని సారం. 1988లో ఆయనే యూనికోడ్‌కి తొలి ప్రతిపాదన రాశాడు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకి చోటు దొరికింది, ఇస్కీ వరసనే అనుసరించి.

చోటు దొరకడం వేరు, కిటికీలో కనబడటం వేరు. విండోస్‌లో తెలుగుని కూర్చి గీసే ఏర్పాటు 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో వచ్చింది. ఆ మధ్య కాలాన్ని ఉద్యమంలా నిలబెట్టింది ఔత్సాహికులు. రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ చేసిన ఆర్టీఎస్ వల్ల ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాయడం ఒక తరానికి అలవాటైంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జున ‘పద్మ’ ఒక్కో పత్రిక ఒక్కో ఫాంటులో పెట్టిన వెబ్‌సైట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపింది. వీవెన్ ‘లేఖిని’తో టైపు చేసిన బ్లాగులు చదువుతూనే నేను సాహిత్యంలోకి వచ్చాను.

ఇప్పుడు మన మూడు ఊళ్లని యూనికోడ్‌లో పెట్టి చూద్దాం. తెనాలి: త, ఎత్వం, న, దీర్ఘం, ల, గుడి. ఆరు సంకేతాలు. బాపట్ల: బ, దీర్ఘం, ప, ట, పొల్లు, ల. ఇదీ ఆరే. రేపల్లె: ర, ఏత్వం, ప, ల, పొల్లు, ల, ఎత్వం. ఏడు. వత్తు అనేదే లేదు, గమనించారా? పొల్లు పెట్టి ఇంకో హల్లు రాస్తే దాన్ని కిందికి దించి వత్తుగా గీయడం తెర పని, దాచేవాడి పని కాదు. బెకర్ చెప్పిన విడదీత ఇదే.

దీంతో ప్రోగ్రామరు నెత్తిన కొత్త ప్రశ్న పడింది. రేపల్లె చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కితే ఏం పోవాలి? ‘ల్లె’ మొత్తమా, ఎత్వం ఒక్కటేనా? చాలా ప్రోగ్రాముల్లో కుదిరిన ఒప్పందం ఇది: బ్యాక్‌స్పేస్ చివరి సంకేతాన్ని మాత్రం తీసేస్తుంది, కాబట్టి ‘రేపల్ల’ మిగులుతుంది. ముందుకి చెరిపే డిలీట్ మీట మాత్రం అక్షరం మొత్తాన్ని లాగేస్తుంది. బాణం మీట కూడా అక్షరాన్ని దాటుతుంది, లోపలికి దూరదు. కారణం మామూలే. బ్యాక్‌స్పేస్ నొక్కేది ఇప్పుడే తప్పు టైపు చేసినవాడు, వాడికి ఆఖరి నొక్కుడు ఒక్కటి రద్దయితే చాలు. ఎవరో ఆలోచించి పెట్టిన మర్యాద ఇది. సొంతంగా గడి గీసుకునే ప్రోగ్రామర్లు దీన్ని మర్చిపోతే వత్తు మధ్యలో కర్సర్ ఇరుక్కుని వాడేవాళ్లకి చుక్కలు కనబడతాయి.

మరి ‘అక్షరం మొత్తం’ అంటే ఎంత? ఇక్కడే నాకు తల తిరిగింది. రేపల్లెలో ఎన్ని అక్షరాలని ఒకటో తరగతి పిల్లాణ్ణి అడిగినా మూడంటాడు. చాలా ఏళ్లపాటు యూనికోడ్ మామూలు నియమం ప్రకారం మాత్రం నాలుగు: రే, ప, ల్, లె. పొల్లు దగ్గర గీత గీసేది. బాపట్లకీ నాలుగే. తెనాలికి మాత్రం సరిగ్గా మూడు. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో కొత్త నియమం చేర్చారు. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం లిపుల్లో పొల్లుతో కలిసిన సంయుక్తాక్షరాన్ని విడగొట్టొద్దని. అంటే యూనికోడ్‌లో తెలుగుకి చోటు దొరికిన ముప్పై రెండేళ్లకి, ఈ మూడు ఊళ్ల పేర్లూ మూడేసి అక్షరాలవని ప్రమాణం ఒప్పుకుంది.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్లు 2018 ఫిబ్రవరిని గుర్తు చేసుకోవాలి. ‘జ్ఞా’ అనే మన అక్షరం మెసేజీలో వస్తే ఐఫోన్లు, మాక్ కంప్యూటర్లలో ఆ యాప్ కుప్పకూలిపోయేది. ప్రపంచ పత్రికలన్నీ తెలుగు అక్షరం ఫోన్లని పగలగొడుతోందని రాశాయి. నిజానికి తప్పు అక్షరానిది కాదు. జ, పొల్లు, ఞ తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు, ఆ తర్వాత దీర్ఘం ఆ వరసలో వస్తే గీసే ప్రోగ్రాం తడబడింది. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. ఆ కనబడని గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, ‘ఇక్కడ వత్తుగా కలపొద్దు’ అని చెప్పడం దాని పని. మీరు ఈ వ్యాసంలో ఇందాకటి నుంచీ చదువుతున్న ‘డెస్క్‌టాప్’ అనే మాటలో క్ తర్వాత అదే ఉంది. అది లేకపోతే కి కింద ట వత్తు వచ్చి కూచుంటుంది. మన లిపిలో రాగల ఒక వరసని ఎవరూ పరీక్షించి చూడలేదంటే, పరీక్షలన్నీ తెనాలి దగ్గరే ఆగిపోయాయని అర్థం.

*

ఇక తాతయ్య పుస్తకం సంగతి. మా అమ్మ వాళ్ల నాన్న రేపల్లెలో బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. 1999లో తన జ్ఞాపకాలు 96 పేజీల చిన్న పుస్తకంగా తెనాలిలో వేయించుకున్నారు. 1977 నవంబరు ఉప్పెన తర్వాత దివిసీమ నుంచి వచ్చినవాళ్ల గురించి ఆయన స్వయంగా చూసి రాసిన పేజీలు అందులో ఉన్నాయి. ఆయన పోయారు. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క ప్రతికి చెదలు పట్టింది.

డీటీపీ చేసిన షాపు వెతుక్కుంటూ వెళ్లాను. ఓనరుకి అరవై దాటాయి. “మాస్టారి మనవడివా, కూర్చో బాబూ” అని, అటక మీంచి పాత హార్డ్ డిస్కు దింపించారు. “పారేద్దామనుకుంటూనే ఉన్నా. ఇందులో మన చుట్టుపక్కల రాసినవాళ్ల పుస్తకాలన్నీ ఉన్నాయి.” ఫైలు దొరికింది. పేజ్‌మేకర్ ఆఖరి కూర్పు 2001ది, అది ఇంకా నడిచే పాత యంత్రం వాళ్ల దగ్గర ఉంది. పాఠాన్ని బయటికి తీసి నా లాప్‌టాప్‌లో తెరిచాను. అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు, 96 పేజీలు. ముసుగు తీసేస్తే కింద ఉన్నది ఇదీ. ‘రేపల్లె’ అని వెతికితే ఒక్కటీ దొరకలేదు. కంప్యూటరు లెక్కలో ఆ పుస్తకంలో రేపల్లె లేదు, తెలుగే లేదు.

మార్చడానికి ఒక ప్రోగ్రాం రాసుకున్నాను. ముందు ఏ గది ఏ ముక్కో పట్టిక వేయాలి. ఆ ఫాంట్లో ‘మ’కి గదే లేదు, ‘వ’ పక్కన కొమ్ములాంటి ముక్క పెట్టి ‘మ’ చేశారు. ర వత్తుని గీసేది ఎడమవైపు నుంచి కాబట్టి దాన్ని అక్షరానికి ముందు దాచారు, వెనక్కి తేవాలి. పట్టిక పూర్తయ్యేసరికి ఫాంటు చేసినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది. ఇంత ఇరుకులో ఇంత అందం ఎలా తెచ్చారా అని.

తీరా ‘మార్చు’ బటన్ నొక్కితే కిటికీ బిగుసుకుపోయి, తెల్లగా పాలిపోయి, ‘నాట్ రెస్పాండింగ్’ అంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసే ప్రతివాడూ ఒకసారి పడే గొయ్యే ఇది. కిటికీ అంటే ఒకే కౌంటరున్న రైల్వే స్టేషను. మౌసు నొక్కుడు, మీట నొక్కుడు, మళ్లీ గీయమన్న పిలుపు, అన్నీ ఒకే వరసలో నిలబడతాయి. కౌంటరులో ఉన్నాయన 96 పేజీల పని పెట్టుకుంటే వెనక లైను కదలదు. విండోస్ ఐదు సెకన్లు చూసి, ఈయన పలకట్లేదని బోర్డు పెట్టేస్తుంది. విండోస్ 3.1 రోజుల్లో ఇంకా అన్యాయం, ఒక్క ప్రోగ్రాం వదలకపోతే యంత్రం మొత్తం నిలిచిపోయేది. డీటీపీ వాళ్లు మాటిమాటికీ సేవ్ నొక్కడం అలవాటు చేసుకుంది ఊరికే కాదు. మందు ఏమిటంటే, బరువు పనిని వెనకగదిలో ఇంకో మనిషికి అప్పగించాలి, కౌంటరు ఖాళీగా ఉంచాలి. ఒక షరతు ఉంది: వెనకగది మనిషి కిటికీని నేరుగా ముట్టుకోకూడదు, ఒక పేజీ అయిందని కౌంటరాయనకి చీటీ పంపాలి, తెర మీద రాసేది ఆయనే. నేను చేసిన తప్పు ఇంకొకటి, మార్చిన ప్రతి అక్షరానికీ గడి మొత్తాన్ని మళ్లీ గీయించడం. పేజీకోసారి చాలని తెలిశాక క్షణాల్లో అయిపోయింది.

అనుమానం ఉన్న అక్షరాలన్నిటికీ ఎర్ర గీత పెట్టించి, చెదలు తిన్న ప్రతితో అమ్మ, నేను రెండు ఆదివారాలు సరిచూశాం. ఉప్పెన పేజీలు చదివేటప్పుడు అమ్మ మధ్యలో లేచి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చి, “చదువు” అంది.

*

మనం తరచుగా తెలుగు కంప్యూటర్లో ఆలస్యంగా వచ్చిందని బాధపడతాం. నాకు కనబడిన చరిత్ర అది కాదు. తెలుగు చాలా తొందరగానే వచ్చింది, బొమ్మగా వచ్చింది. కాగితం కోసం వచ్చి, కాగితం అయిపోయాక వెనక ఏమీ మిగలకుండా వచ్చింది. తొంభైల నుంచి మొన్నమొన్నటిదాకా ఊరూరా వేసుకున్న పుస్తకాలు, సావనీర్లు, స్థానిక చరిత్రలు అటకల మీది హార్డ్ డిస్కుల్లో ముసుగులోనే ఉన్నాయి. డిస్కులకి ఆయుష్షు తక్కువ. ఆ ఫాంట్ల లెక్క చేతివేళ్లతో తెలిసినవాళ్లకి అరవై దాటుతున్నాయి. కాగితం ప్రతిని స్కాను చేసుకోవచ్చు, నిజమే, ప్రతి మిగిలి ఉంటే.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా అయింది. రేపల్లె అందులోకి వెళ్లింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. మా కాలేజీ ప్రాజెక్టులో జిల్లా గడి అంటూ ఉంటే మార్చాల్సి వచ్చేది. పోయిన నెల ఆ ప్రోగ్రాంని మళ్లీ రాశాను, ఎవరికీ అక్కర్లేకపోయినా. జాబితా తెరిస్తే మూడు ఊళ్లూ పూర్తిగా కనబడుతున్నాయి, కింద వత్తులతో సహా. ఆ డీటీపీ షాపు ఓనరు మాత్రం డిస్కు నాకే ఇచ్చేశారు. అందులో ఇంకా రెండొందలకు పైగా పుస్తకాలున్నాయి. రోజుకో ముప్పై పేజీలు సరిచూస్తున్నాను. మీ ఊళ్లో కూడా అలాంటి అటక ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి ఊరెళ్లినప్పుడు అడిగి చూడండి.